దాపటెద్దును వలపట కట్టొద్దు

(ఎడమచేతి వాటం ఉన్నవాళ్లు ఇంటి పనిముట్లు వాడుకునే తీరు – ప్రసంగ పాఠం)

అక్కలారా! చెల్లెళ్లారా!

ఈ పొద్దు ముచ్చట చేతుల గురించి. ముందు ఒక ప్రశ్న. మీలో ఎంతమందిది ఎడమచేతి వాటం? చెయ్యి ఎత్తండి.

ఇట్లా అడిగితే ఏ ఊళ్లో అయినా ఒక్కరో ఇద్దరో చెయ్యి ఎత్తుతారు. ఇంకొందరికి ఎత్తాలని ఉంటుంది. పక్కవాళ్లు నవ్వుతారని ఊరుకుంటారు. చిన్నప్పటి నుంచి తిట్లు తిన్న చెయ్యి అది. అందుకే లేవడానికి జంకుతుంది.

నాగలి కట్టిన ఎడ్ల జతను మీరు చూసే ఉంటారు. జతలో కుడి పక్క నడిచేది వలపటెద్దు. ఎడమ పక్క నడిచేది దాపటెద్దు. దాపట అలవాటైన ఎద్దును వలపట కడితే ఏమవుతుంది? ఎద్దు బెదురుతుంది. కాడి ఒక పక్కకు గుంజుతుంది. సాలు వంకర పోతుంది. తెలిసిన రైతు ఎద్దును కొట్టడు. కాడి విప్పుతాడు. దాని పక్కకు దాన్ని కడతాడు.

ఎద్దు విషయంలో ఇంత తెలివి ఉంది. మరి మనిషి చేతి విషయంలో ఎందుకు లేదు?

ఒక ఇంటి ముచ్చట

రావల్కోల్ మేడ్చల్ మండలంలోని ఊరు. ఇదివరకు రంగారెడ్డి జిల్లా కింద ఉండేది. 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. అప్పటి నుంచి ఈ జిల్లా కిందికి వచ్చింది. పట్నం దగ్గర పడింది. అయినా ఇళ్లల్లో కొడవలి ఉంది. కత్తెర ఉంది. సుత్తె ఉంది. పనిముట్టు లేని ఇల్లు లేదు.

ఇటువంటి ఊళ్లో ఒక ఇల్లు ఉందనుకోండి. ఆ ఇంట్లో అత్త, కొడుకు, కోడలు, ఐదేళ్ల మనవరాలు. కొడుకు ఫ్యాక్టరీలో పనికి పోతాడు. రెండు బర్రెలు ఉన్నాయి. ఇంటి ముందు రేకుల కింద కోడలు కుట్టు మిషను పెట్టుకుంది. జాకెట్లు కుడుతుంది. చీరలకు ఫాల్ వేస్తుంది. ఆ రేకుల కిందే ఒక చెక్క పెట్టె ఉంది. అందులో సుత్తె, రంపం, మేకులు, స్క్రూడ్రైవర్ ఉంటాయి. చిన్న చిన్న మరమ్మతులు ఇంటివాళ్లే చేసుకుంటారు.

కోడలిది ఎడమచేతి వాటం. పెళ్లికి ముందు తల్లిగారింట్లో తిట్లు తిన్నది. అత్తగారింట్లోనూ తప్పలేదు.

"గా ఎడమ చెయ్యేంది బిడ్డా! కుడి చేత్తోని పట్టుకోరాదా?" అని అత్త అనేది.

"కుడి చేత్తోని పడితే చెయ్యి వణుకుతది అత్తమ్మా" అని కోడలు అనేది.

కత్తెర పడితే బట్ట వంకరగా తెగేది. బొటనవేలు వాచేది. చుట్టుపక్కల ఆడవాళ్లు "కుట్టు మంచిగుంటది గానీ కత్తిరింపే సక్కగుండదు" అనేవారు.

ఒకరోజు కోడలు బర్రెలకు గడ్డి కోయడానికి పోయింది. నలుగురు ఆడవాళ్లు వరసగా కూర్చుని కోస్తున్నారు. ఈమె మధ్యలో ఉంది. ఈమె ఎడమ మోచెయ్యి, పక్కామె కుడి మోచెయ్యి తగిలాయి. కొడవలి జారింది. గడ్డి పట్టుకున్న కుడి చేతి వేలు తెగింది. లోతుగా తెగింది. దవాఖానాలో కుట్లు వేశారు. ధనుర్వాతం రాకుండా టీకా వేశారు. పది రోజులు మిషను మూలకు పడింది. పెళ్లి జాకెట్లు ఇచ్చిన వాళ్లు బట్ట వాపసు తీసుకుపోయారు. చేతికి రావాల్సిన డబ్బు పోయింది.

ఆ పది రోజుల్లోనే ఇంకొకటి జరిగింది. మనవరాలు పలక ముందు పెట్టుకుని కూర్చుంది. బలపం ఎడమ చేత్తో పట్టింది. నానమ్మ చూసింది. "తల్లి తీరే బిడ్డ! ఇప్పుడే మాన్పియ్యాలె" అంటూ పిల్ల చేతి మీద కొట్టబోయింది.

కోడలు కట్టు కట్టిన చెయ్యి అడ్డం పెట్టింది.

"కొట్టకు అత్తమ్మా. నా వేలు తెగింది నా చేతి తప్పు కాదు. ఆ కొడవలి నా చేతిది కాదు" అన్నది.

అత్తకు కోపం వచ్చింది. కానీ చెయ్యి దించింది. "కొడవలికి కుడి ఎడమ ఉంటదా?" అని అడిగింది.

ఉంటుంది. అదే ఇప్పుడు తెలుసుకోవాలి.

ఎడమచేతి వాటం ఎందుకు వస్తుంది?

ప్రపంచంలో నూటికి సుమారు పదిమందిది ఎడమచేతి వాటం. ఏ దేశంలో చూసినా కుడిచేతి వాళ్లే ఎక్కువ. ఎడమచేతి వాళ్లు లేని దేశం మాత్రం లేదు.

మెదడులో రెండు సగాలు ఉంటాయి. ఎడమ సగం కుడి చేతిని నడిపిస్తుంది. కుడి సగం ఎడమ చేతిని నడిపిస్తుంది. ఏ చెయ్యి ముందుకు రావాలో చాలావరకు పుట్టక ముందే తేలుతుంది. కడుపులో బిడ్డను స్కానింగులో చూసినప్పుడు బొటనవేలు చీకుతూ కనిపిస్తుంది. ఎక్కువమంది బిడ్డలు కుడి వేలు చీకుతారు. కొందరు ఎడమ వేలు చీకుతారు. అక్కడ నేర్పేవాళ్లు ఎవరూ లేరు కదా!

కాబట్టి ఇది రోగం కాదు. పాపం కాదు. అపశకునం కాదు. పెంకితనం కూడా కాదు. ఎడమచేతి మనిషికి పని రాదనడం అబద్ధం. గాంధీ మహాత్ముడు 1909లో ఓడ మీద ప్రయాణం చేస్తూ 'హింద్ స్వరాజ్' అనే పుస్తకం రాశారు. కుడి చెయ్యి నొప్పి పెడితే ఎడమ చేత్తో కొన్ని పేజీలు రాశారు. క్రికెట్ ఆటగాడు సచిన్ టెండూల్కర్ కుడి చేతి వాటంగా బ్యాటు పడతాడు. పెన్ను మాత్రం ఎడమ చేత్తో పడతాడు.

మరి తిప్పలు ఎక్కడ వస్తున్నాయి? పనిముట్టులో వస్తున్నాయి. వందమందిలో తొంభైమంది కుడిచేతి వాళ్లు. చేసేవాడు ఆ తొంభైమందిని చూసి చేస్తాడు. మిగిలిన పదిమంది ఆ పనిముట్టుతోనే సర్దుకోవాలి. సర్దుకోలేకపోతే "చేతకాదు" అనిపించుకోవాలి.

కొడవలి

కక్కు కొట్టిన కొడవలిని చేతిలోకి తీసుకుని చూడండి. రెండు మొహాలను వేలితో మెల్లగా తడమండి. చాలా కొడవళ్లకు పళ్లు ఒక మొహం మీదే కొట్టి ఉంటాయి. రెండో మొహం నున్నగా ఉంటుంది. కుడి చేత్తో పట్టినప్పుడు ఏ మొహం పైన ఉండాలో, ఏ మొహం నేల వైపు ఉండాలో కమ్మరికి తెలుసు. ఆ లెక్కతో చేస్తాడు.

అదే కొడవలిని ఎడమ చేత్తో పట్టండి. పైన ఉండాల్సిన మొహం కిందికి పోతుంది. అంచు గడ్డిని సరిగా పట్టదు. జారుతుంది. జారితే బలం ఎక్కువ పెట్టాలి. బలం ఎక్కువ పెట్టినప్పుడే వేలు తెగుతుంది.

దీనికి మందు కమ్మరి దగ్గర ఉంది. రెండో మొహం మీద కక్కు కొట్టమని చెప్పాలి. నోటితో చెబితే చాలదు. కొడవలిని ఎడమ చేత్తో పట్టి, ఎట్లా కోస్తారో చూపించాలి. చూస్తే కమ్మరికి తెలిసిపోతుంది. చేయించిన కొడవలి పిడికి రంగు గుడ్డ కట్టండి. లేకపోతే ఇంట్లో కుడిచేతి వాళ్లు తీసుకుపోతారు. వాళ్ల వేలికి అదే ప్రమాదం.

రెండో మాట, కూర్చునే చోటు. నలుగురు వరసగా కోస్తుంటే ఎడమచేతి మనిషి వరసకు ఎడమ కొసన ఉండాలి. అప్పుడు ఆమె కొడవలి వరస బయట ఉంటుంది. గడ్డి పట్టే చెయ్యి మాత్రమే పక్కామె వైపు ఉంటుంది. మోచేతులు తగలవు. దీనికి ఒక్క పైసా ఖర్చు లేదు. "నేను ఈ కొసన కూర్చుంటా వదినా" అంటే చాలు.

మూడో మాట అందరికీ. గడ్డిని పట్టుకున్న పిడికిలి కోసే చోటుకు జానెడు పైన ఉండాలి. ఎడమచేతి వాళ్లయినా, కుడిచేతి వాళ్లయినా ఇది మరవొద్దు.

ఇప్పుడు వరి కోతకు మిషన్లు వచ్చాయి. అయినా మడి మూలలకు, గట్ల మీద గడ్డికి కొడవలే కావాలి. ఆ పని ఎక్కువగా ఆడవాళ్లదే.

కత్తిపీట

వంటింట్లో ఎడమచేతి మనిషికి మంచి చుట్టం కత్తిపీట. కత్తి కదలకుండా నిలబడి ఉంటుంది. కూరగాయే కదులుతుంది. కాయను ఏ చేత్తో నెట్టినా తెగుతుంది. రోలు, రోకలి కూడా అంతే. వాటికి కుడి ఎడమ లేవు. ఏ పనిముట్టు ఏ చేతికి పనికొస్తుందో ఇట్లా ఒక్కొక్కటి చూసుకోవాలి. అన్నీ కష్టం కావు. కష్టమయ్యేవి కొన్నే.

కత్తెర

కష్టమయ్యే వాటిలో మొదటిది కత్తెర. బట్టలు కుట్టే వాళ్లకు కత్తెరే బతుకుదెరువు. పాత నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల్లో చాలామంది ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని బీడీలు చుడతారు. తునికాకును కొలతకు కత్తిరించేది కత్తెరతోనే. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. చెయ్యి నెమ్మదైతే కూలి తగ్గుతుంది. కాబట్టి కత్తెర సంగతి చిన్న సంగతి కాదు.

కత్తెరకు రెండు బ్లేడులు. రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటేనే బట్ట తెగుతుంది. కుడి చేత్తో కత్తెర మూసేటప్పుడు బొటనవేలు ఒక పక్కకు నెడుతుంది. మిగిలిన వేళ్లు ఇంకో పక్కకు లాగుతాయి. ఆ నెట్టుడు, లాగుడు వల్ల బ్లేడులు దగ్గరికి వస్తాయి.

అదే కత్తెరను ఎడమ చేత్తో మూస్తే నెట్టుడు తిరగబడుతుంది. బ్లేడుల మధ్య సందు వస్తుంది. బట్ట తెగకుండా మడతపడి ఆ సందులో ఇరుక్కుంటుంది. పైగా పై బ్లేడు గీతకు అడ్డం వస్తుంది. సుద్దతో గీసిన గీత కనబడదు. కనబడని గీత మీద సక్కగా ఎవరు కత్తిరించగలరు?

కొందరు "కత్తెరను తలకిందులుగా పట్టుకో" అంటారు. దాని వల్ల లాభం లేదు. కత్తెరను ఎటు తిప్పినా పై బ్లేడు ఉండే పక్క మారదు. కావాలంటే చూడండి. కత్తెరను తెరిచి, మొనలు పైకి ఉండేటట్టు కళ్ల ముందు పట్టుకోండి. మీకు దగ్గరగా ఉన్న బ్లేడు ఏది? దాని మొన కుడి పక్కకు ఉంటే అది కుడిచేతి కత్తెర. ఎడమ పక్కకు ఉంటే అది ఎడమచేతి కత్తెర. వెనక్కి తిప్పి మళ్లీ చూడండి. అట్లాగే ఉంటుంది.

ఎడమచేతి కత్తెర అని వేరే ఉందా? ఉంది. పట్నంలో కుట్టు సామాను అమ్మే పెద్ద దుకాణాల్లో అడగాలి. లేకపోతే తెప్పించమనాలి. ఫోనులో తెప్పించుకునే వాళ్లూ ఉన్నారు. కుట్టు మీద సంపాదించే మనిషికి అది దండగ ఖర్చు కాదు.

అది దొరికే దాకా ఏం చేయాలి? మూడు పనులు చేయాలి.

ఒకటి. బ్లేడులను కలిపే మర వదులుగా ఉంటే బిగించాలి. సాన పట్టించాలి. వదులు కత్తెర ఎడమ చేతికి అసలు పనికిరాదు.

రెండు. మూసేటప్పుడు బొటనవేలిని అరచేతి వైపు లాగాలి. మిగిలిన వేళ్లను బయటికి నెట్టాలి. చెయ్యి మామూలుగా చేసేదానికి ఇది ఎదురు. కానీ బ్లేడులు దగ్గరికి వస్తాయి. బట్ట తెగుతుంది. ఎక్కువసేపు చేస్తే వేలు నొస్తుంది. మధ్య మధ్య ఆగాలి.

మూడు. గుండ్రటి మెడ కత్తిరించేటప్పుడు కుడిచేతి వాళ్లు గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతూ కత్తిరిస్తారు. ఎడమచేతి కత్తెర పట్టిన మనిషి గడియారం ముల్లు తిరిగినట్టు తిరగాలి. అప్పుడు గీత కళ్ల ముందు ఉంటుంది.

సూది, కుట్టు మిషను

చేతి కుట్టులో కుడిచేతి వాళ్లు కుడి నుంచి ఎడమకు పోతారు. ఎడమచేతి వాళ్లు ఎడమ నుంచి కుడికి పోవాలి. నేర్పేటప్పుడు ఇక్కడే తికమక వస్తుంది. గురువు పక్కన కూర్చుని చూస్తే ఎడమచేతి మనిషికి అంతా తిరగబడి కనిపిస్తుంది.

దీనికి సులువైన ఉపాయం ఉంది. గురువుకు ఎదురుగా కూర్చోవాలి. అద్దంలో చూసినట్టు చూడాలి. గురువు కుడి చెయ్యి ఎటు కదిలితే, ఎదురుగా ఉన్న మనిషి ఎడమ చెయ్యి అటే కదలాలి. కాజా కుట్టు, జడ అల్లిక, బుట్ట అల్లిక, ముగ్గు, ఏదైనా ఇట్లా నేర్చుకోవచ్చు.

కుట్టు మిషను చక్రం కుడి పక్క ఉంటుంది. అయినా భయం లేదు. తొక్కేది కాళ్లు. బట్టను నడిపేది రెండు చేతులు. బట్ట ఎక్కువ భాగం సూదికి ఎడమ పక్కనే పరుచుకుంటుంది. అందువల్ల ఎడమచేతి మనిషికి బట్ట నడపడం తేలికే.

సుత్తె, రంపం, స్క్రూడ్రైవర్

పెట్టెలోని సామానులోకి వద్దాం. సుత్తెకు కుడి ఎడమ లేవు. ఉలికి లేవు. పారకు, గడ్డపారకు లేవు. వీటిని మంచిగా వచ్చిన చేత్తోనే పట్టాలి. "చూసేవాళ్లు ఏమంటరో" అని రాని చేత్తో సుత్తె పడితే దెబ్బ మేకు మీద పడదు. వేలి మీద పడుతుంది.

రంపం కూడా ఏ చేతికైనా సరిపోతుంది. నిలబడే తీరే మారుతుంది. ఎడమ చేత్తో కోసేటప్పుడు చెక్కను కుడి చేత్తో, కుడి మోకాలితో అదిమి పట్టాలి. తెగిపోయే ముక్క ఎడమ పక్కకు ఉండాలి. అప్పుడు ముక్క పట్టుకున్న చేతి మీద పడదు. గీత కూడా కనబడుతుంది.

స్క్రూడ్రైవర్ సంగతి తమాషాగా ఉంటుంది. స్క్రూ గడియారం ముల్లు తిరిగినట్టు తిప్పితే బిగుస్తుంది. ఎదురు తిప్పితే ఊడుతుంది. కుడి చేతికి బిగించే వైపు బలం ఎక్కువ. ఎడమ చేతికి ఊడదీసే వైపు బలం ఎక్కువ. ముంజేతి కండలు తిరిగే తీరు అది. అందుకని కుక్కర్ పిడి స్క్రూ బిగించేటప్పుడు ఎడమచేతి మనిషి తొందరగా అలసిపోతుంది. పిడి లావుగా ఉన్న స్క్రూడ్రైవర్ తీసుకోవాలి. చివర్లో కుడి చేత్తో ఒక్క చుట్టు బిగించాలి. కానీ తుప్పు పట్టి బిగిసిన స్క్రూ ఊడదీయాలంటే? పచ్చడి సీసా మూత రాకపోతే? ఎడమచేతి అక్కనే పిలవండి!

కొన్ని ఇళ్లల్లో కరెంటు డ్రిల్లు కూడా ఉంది. దీంతో జాగ్రత్త. చాలా డ్రిల్లులకు పిడి పక్కన ఒక చిన్న బొత్తాం ఉంటుంది. అది నొక్కితే వేలు తీసినా డ్రిల్లు ఆగదు. ఆ బొత్తాం కుడి బొటనవేలికి అందేటట్టు ఎడమ పక్కన పెడతారు. ఎడమ చేత్తో పట్టినప్పుడు అరచెయ్యి తగిలి అది తెలియకుండానే నొక్కుకుంటుంది. డ్రిల్లు ఆగకపోతే భయపడొద్దు. మీటను గట్టిగా నొక్కి వదలాలి. బొత్తాం బయటికి వస్తుంది. కొత్త డ్రిల్లు పట్టే ముందు ప్లగ్గు పెట్టకుండానే ఆ బొత్తాం ఎక్కడ ఉందో చూసుకోవాలి. వేలాడే కొంగు, విప్పిన జుట్టు దగ్గరికి రానియ్యొద్దు.

చోటు, వెలుతురు

పనిచేసే చోట వెలుతురు ఎటు నుంచి వస్తుందో చూడండి. కుడిచేతి వాళ్లకు ఎడమ నుంచి వెలుతురు రావాలి. ఎడమచేతి వాళ్లకు కుడి నుంచి రావాలి. లేకపోతే చేతి నీడ పని మీదే పడుతుంది. సూది మొన కనబడదు. రంపం గీత కనబడదు. పీటను ఇటు నుంచి అటు తిప్పితే చాలు, కళ్లకు సగం బరువు తగ్గుతుంది.

ఎక్కువగా వాడే సామాను ఎడమ చేతికి అందేటట్టు పెట్టుకోండి. కత్తెర కోసం ప్రతిసారీ ఒళ్లు తిప్పితే నడుము నొస్తుంది.

పెన్ను కూడా పనిముట్టే

అక్కలారా! మీరు కష్టపడి అక్షరాలు నేర్చుకున్నారు. మీ చేతిలోని పెన్ను కూడా పనిముట్టే. తెలుగు ఎడమ నుంచి కుడికి రాస్తారు. కుడి చెయ్యి రాసిన అక్షరాన్ని వదిలి ముందుకు పోతుంది. ఎడమ చెయ్యి ఇప్పుడే రాసిన అక్షరం మీదుగా పోతుంది. సిరా అలుక్కుపోతుంది. రాసింది కనబడదు.

దీనికీ ఉపాయం ఉంది. పుస్తకం పై అంచును కొంచెం కుడి పక్కకు వంచి పెట్టుకోండి. పెన్ను మొనకు దగ్గరగా పట్టొద్దు. రెండు వేళ్ల వెడల్పు పైన పట్టండి. చెయ్యి గీతకు కింద ఉండాలి. తొందరగా ఆరే బాల్‌పెన్ను వాడండి. బల్ల మీద నలుగురు కూర్చుంటే ఎడమ కొసన కూర్చోండి. గడ్డి కోతలో చెప్పిన మాటే ఇక్కడా పనికొస్తుంది.

సంతకం ఏ చేత్తో చేసినా సంతకమే. ఎప్పుడూ ఒకే తీరుగా ఉండాలి. బ్యాంకులో అయినా, పోస్టాఫీసులో అయినా చూసేది అదే.

మర్యాద మాట

పెద్దవాళ్లు ఒక మాట అంటారు. "ఎడమ చేత్తో ఇయ్యొద్దు, తీసుకోవద్దు" అని. ప్రసాదం, బొట్టు, దక్షిణ కుడి చేత్తో ఇచ్చుకోవడం చాలా ఇళ్లల్లో ఆచారం. ఆ ఆచారం పాటించేవాళ్లు పాటించవచ్చు. దానితో ఎవరి వేలూ తెగదు. కానీ కొడవలి పట్టేది గడ్డి కోయడానికి. రంపం పట్టేది చెక్క కోయడానికి. అక్కడ చూడాల్సింది వేళ్ల క్షేమం.

పిల్లల విషయం ఇంకా ముఖ్యం. పిల్లది ఏ చేతి వాటమో నాలుగేళ్లు వచ్చేసరికి సాధారణంగా తెలిసిపోతుంది. కొట్టి మార్చాలని చూస్తే రాత నెమ్మదిస్తుంది. భయం పెరుగుతుంది. బడి అంటేనే విసుగు పుడుతుంది. బడిలో పంతులమ్మకు ముందే చెప్పండి. "మా పిల్ల ఎడమచేతి పిల్ల. మాన్పించొద్దు. ఎడమ కొసన కూర్చోబెట్టండి" అని చెప్పండి. తల్లి నోట వచ్చిన ఆ ఒక్క మాట పిల్లకు కొండంత అండ.

అడిగితేనే వస్తుంది

పనిముట్టు ఆకాశం నుంచి ఊడిపడదు. ఎవరో గీస్తారు. ఎవరో చేస్తారు. హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి ఒక కేంద్ర సంస్థ ఉంది. పరిశ్రమలకు కావాల్సిన పనిముట్లు ఎట్లా గీయాలి, ఎట్లా చేయాలి అని అక్కడ నేర్పుతారు. పనిముట్టు చేయడం కూడా చదువే అన్నమాట.

వ్యవసాయ పనిముట్లు చాలాకాలం మగవాళ్ల ఎత్తు, మగవాళ్ల బలం చూసే చేశారు. పొలంలో సగం పని ఆడవాళ్లు చేస్తున్నా వాళ్ల చేతి కొలత ఎవరూ తీయలేదు. తరువాత ఆలోచన మారింది. 1996లో భువనేశ్వర్‌లో వ్యవసాయంలోని ఆడవాళ్ల కోసమే ఒక జాతీయ పరిశోధన కేంద్రం పెట్టారు. ఆడవాళ్ల ఒంటికి, చేతికి తగిన పనిముట్ల మీద అక్కడ పని జరుగుతోంది. ఆడవాళ్ల చేతి కొలత లెక్కలోకి వచ్చినట్టే ఎడమ చెయ్యి కూడా లెక్కలోకి రావాలి. దుకాణంలో పదిమంది అడిగితే పదకొండో మనిషికి ఎడమచేతి కత్తెర ముందే దొరుకుతుంది. ఏటా ఆగస్టు 13ను ఎడమచేతి వాళ్ల దినంగా చాలా దేశాల్లో జరుపుకుంటారు. ఆ రోజు గుర్తుగా అయినా మీ పొదుపు సంఘంలో ఈ ముచ్చట పెట్టండి.

ఆ ఇంట్లో తరువాత ఏమైంది?

కోడలి వేలు మానింది. ఒక పొద్దున అత్త కొడవలి కొంగులో చుట్టుకుంది. కోడల్ని వెంటబెట్టుకుని కమ్మరి కొలిమి దగ్గరికి పోయింది.

"మా కోడలు పట్టే తీరు చూడు. ఆమె చేతికి తగినట్టు కక్కు కొట్టు" అన్నది.

కమ్మరి నవ్వాడు. "ఎడమచేతి కొడవలా?" అన్నాడు.

"నవ్వకు. దాపటెద్దుకు దాపట కాడి కట్టవా?" అన్నది అత్త.

కమ్మరి నవ్వు ఆపాడు. కోడలి చేతిలో కొడవలి పెట్టి, కోసి చూపించమన్నాడు. రెండుసార్లు చూశాడు. కొలిమి ఊదాడు.

కొత్త కక్కు కొట్టిన కొడవలి గడ్డిని పట్టింది. కోడలు వరసకు ఎడమ కొసన కూర్చుంది. ఎవరి మోచెయ్యీ తగలలేదు. దసరా కుట్లు చేతికి వచ్చాక మొదటి డబ్బులతో ఎడమచేతి కత్తెర తెప్పించుకుంది. అత్త ఆ కత్తెర పట్టి చూసింది. బట్ట మడతపడి ఇరుక్కుంది.

"ఇదేందే, ఇది తెగుతలేదు!" అన్నది.

"నాకు ఇన్నేండ్లు గట్లనే ఉండె అత్తమ్మా" అన్నది కోడలు.

అత్త కాసేపు మాట్లాడలేదు. తరువాత మనవరాలిని పిలిచింది. పలకను కొంచెం కుడి పక్కకు వంచి పెట్టింది. బలపం తీసి పిల్ల ఎడమ చేతిలో పెట్టింది. "రాయి బిడ్డా" అన్నది.

పిల్ల 'అ' రాసింది. గుండ్రంగా వచ్చింది.

అక్కలారా! మీ ఇంటికి పోయాక పనిముట్లన్నీ ఒకసారి ముందర వేసుకోండి. ఏది ఏ చేతికి చేసిందో చూడండి. మీ ఇంట్లో ఎడమచేతి మనిషి ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. "నీకు దేనితో కష్టమైతుంది?" అని అడగండి. ఇన్నేళ్లూ ఎవరూ ఆ మాట అడిగి ఉండరు.

చదివారు కదా! ఇప్పుడు మాట్లాడుకోండి.

1. కోడలి వేలు ఎందుకు తెగింది? రెండు కారణాలు చెప్పండి.
2. మీ ఇంటి కత్తెర ఏ చేతిది? మొనలు పైకి పట్టి చూసి చెప్పండి.
3. వరసలో ఎడమచేతి మనిషి ఏ కొసన కూర్చోవాలి? ఎందుకు?
4. కుడి ఎడమ లేని పనిముట్లు ఐదు రాయండి.
5. మీ వాడలో ఎడమచేతి వాటం ఉన్నవాళ్లు ఎంతమంది? అడిగి తెలుసుకోండి. వాళ్లకు ఏ పనిముట్టుతో కష్టమో మీ నోటుపుస్తకంలో రాయండి.